తంగేడు పువ్వేనా? కాయ చూసి చెప్పండి

వానలు పడ్డాక మాచర్ల, గురజాల వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన పసుపు పచ్చగా విరగబూసే పొద గుర్తుందా? అదే తంగేడు. పల్నాటి ఎండలకూ రాతి నేలలకూ తట్టుకుని నిలిచే మన మొక్క. దీని బెరడులో వగరు ఎక్కువ. అందుకే పూర్వం నుంచీ తోళ్లు పదును చేయడానికి వాడేవారు. తెలంగాణలో బతుకమ్మను పేర్చేదీ, ఆ రాష్ట్ర పుష్పమూ ఇదే.

ఇప్పుడు షుగరు తగ్గుతుందంటూ చాలామంది తంగేడు పూల కషాయం తాగుతున్నారు. ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో కొంత ఫలితం కనిపించిన మాట నిజమే. అంతమాత్రాన మాత్రలు, ఇన్సులిన్ మానేయొద్దు. మందులతో పాటు కషాయమూ తాగితే షుగరు మరీ పడిపోవచ్చు. కాబట్టి ముందు డాక్టరుకు చెప్పండి.

అసలు జాగ్రత్త వేరే ఉంది. తంగేడుకు దగ్గరి చుట్టమైన కసివింద కూడా పసుపు పూలే పూస్తుంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చలికాలంలో పసిపిల్లలు అకస్మాత్తుగా జబ్బుపడి చనిపోతుంటే మొదట మెదడువాపు అనుకున్నారు. ఆడుకుంటూ కసివింద గింజలు తినడమే కారణమని వైద్య పరిశోధకులు 2007లో వెల్లడించారు. ఆ విషం కాలేయం, కండరాలు, మెదడును దెబ్బతీస్తుంది.

రెంటికీ తేడా తెలుసుకోవడం తేలికే. తంగేడు గట్టి కొమ్మల పొద. చిన్న చిన్న ఆకులు, కొస మొండిగా, ఎనిమిది నుంచి పన్నెండు జతలు ఉంటాయి. ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో గుండ్రని రెక్కలుంటాయి. కాయ కాగితంలా పల్చన. కసివిందది మెత్తని కాండం. ఆకులు నాలుగైదు జతలే, కొస సూదిగా ఉంటుంది. నలిపితే దుర్వాసన. కాయ కాస్త వంపు తిరిగి, గింజలతో నిండుగా ఉంటుంది.

ఇంటి చుట్టూ, బడి దగ్గర కసివింద ఉంటే కాయ పట్టకముందే పీకేయించండి. పిల్లలు గింజలు తిన్నారని తెలిస్తే వాంతులు, మగత, ఫిట్స్ వచ్చేదాకా ఆగొద్దు. మీరే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు కాయ ఉన్న కొమ్మను వెంట తీసుకెళ్లండి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఏం తిన్నారో డాక్టరుకు ముందే తెలియడం ఎంతో మేలు.