రంగం పెట్టెలో దొరికిన ఫొటో

మొన్న సైదాబాద్‌లో మా ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సామానంతా దింపించాం. అందులో అమ్మమ్మ రేకు పెట్టె ఒకటి. మేం దాన్ని 'రంగం పెట్టె' అంటాం. రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో మా పెద్దవాళ్ళంతా అలాగే అనేవారు.

పెట్టె అడుగున పాత పంచె మడతలో ఓ ఫొటో కనిపించింది. నలుగురు మగవాళ్ళు కోట్లు తొడుక్కుని బిగుసుకుని నిలబడ్డారు. వెనకాల పెద్ద స్టీమరు. తీరా చూస్తే అది స్టూడియోవాళ్ళు గుడ్డ మీద వేయించిన బొమ్మ! కోట్లు కూడా అద్దెవేనట. కాళ్ళకి చెప్పులు మాత్రం లేవు.

"రోజల్లా నిజం ఓడల్లోకి బియ్యం బస్తాలు మోసీవోరు. ఫొటోకొచ్చీసరికి బొమ్మ ఓడ కావాల్సొచ్చింది" అని నవ్వింది అమ్మ.

ఆ రోజుల్లో విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి వేలమంది బర్మా వెళ్ళేవారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అక్కడ మనవాళ్ళని 'కోరంగీలు' అనేవారు. మన కోరంగి రేవు వల్ల వచ్చిన పేరది. ఫిలిప్ క్లియర్ లాంటి ఫొటోగ్రాఫర్లు రంగూన్‌నీ అక్కడి నదినీ ఎన్నో ఫొటోలు తీశారు. ఆనాటి రేవు ఫొటోలు చాలావాటి కింద ఓడ పేరుంటుంది, ఊరి పేరుంటుంది. మూట కిందున్న మనిషి మాత్రం వట్టి 'కూలీ'!

"తాత పక్కన ఈయనెవరమ్మా?" అని అడిగాను.

"మన సుట్టం కాదే. ముప్పయ్యో సంవత్సరం గొడవల్లో పోయాడు."

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిసి మనవాళ్ళు తిరిగి రాగానే వాళ్ళని పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకి ఎంతోమంది ప్రాణాలు తీసింది. ఆ స్నేహితుడి భార్యకి తాతగారు తను బతికున్నన్నాళ్ళూ ఏటా రెండు బస్తాల ధాన్యం పంపేవారట. యాభై దాటాక నాకీ సంగతి తెలిసింది!

జపాన్ దాడితో 1942లో అడవుల వెంట నడిచొచ్చినవాళ్ళకి కట్టుబట్టలు మిగలడమే గొప్ప. తాతగారు అంతకుముందే ఓడెక్కి వచ్చేశారు కాబట్టి మాకీ ఫొటో దక్కింది.

ఆ రాత్రే అమ్మని అడిగి వెనక పేర్లు రాశాను. మీరూ రాసేటట్లయితే మెత్తటి పెన్సిల్‌తో, తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే గీతలు బొమ్మవైపుకి తేలతాయి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటించకండి, తీసేటప్పుడు చిరిగిపోతుంది. సెల్‌ఫోన్‌లో ఒక కాపీ తీసి ఉంచుకోండి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. మా ఫొటోలో నాలుగో ఆయన పేరు అమ్మకీ గుర్తు రాలేదు. అమ్మమ్మ ఉండగా అడిగుంటే చెప్పేది.