Swimming Pool: పూల్ నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయా..? అయినా దిగే ముందు ఇవి చూసుకోండి!

ఎండలు ముదిరాయంటే చాలు.. హైదరాబాద్ జనం మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లకు క్యూ కట్టేస్తారు. బుకింగ్ చేసేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న.. పూల్ ఉందా? ఉందంటే ఓకే. ఫిల్టర్ ఎలా పనిచేస్తోంది, నీళ్లను ఎప్పుడు టెస్ట్ చేశారు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువే. సొంతంగా పూల్ కట్టించుకునేవాళ్లదీ ఇదే తీరు. టైల్స్‌కు, లైట్లకు లక్షలు పెడతారు.. ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి బేరమాడతారు. కానీ అందులో దిగే పిల్లల ఆరోగ్యం ఆధారపడేది ఆ మూలన ఉండే ఫిల్టర్ మీద, నీళ్లలో ఉండే క్లోరిన్ మీదే.

ఫిల్టర్ ఏం చేస్తుంది.. ఏం చేయదు?

మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. సాండ్ ఫిల్టర్ పట్టేది 20 నుంచి 40 మైక్రాన్ల కణాలను. కార్ట్రిడ్జ్ ఫిల్టర్ 10 నుంచి 20 మైక్రాన్ల వరకు, డీఈ ఫిల్టర్ అయితే 3 నుంచి 5 మైక్రాన్ల వరకు పట్టేస్తుంది. అసలు సమస్య ఏంటంటే.. విరేచనాలు తెప్పించే క్రిప్టోస్పోరిడియం క్రిమి సైజు 4 నుంచి 6 మైక్రాన్లే. బ్యాక్టీరియా అంతకంటే చిన్నది. అంటే సాండ్ ఫిల్టర్‌లోంచి ఇవి దాటిపోగలవు. ఫిల్టర్ మురికిని తీస్తుంది, క్రిములను చంపాల్సింది క్లోరిన్. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన సేఫ్ అనుకోవద్దని చెప్పేది అందుకే.

మూడింటిలో ఏది తీసుకోవాలి?

* సాండ్ ఫిల్టర్: ఇళ్లలో, ఫామ్‌హౌస్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే. మెయింటెనెన్స్ తేలిక. ఇసుకను 5 నుంచి 7 ఏళ్లకోసారి మారిస్తే సరిపోతుంది. అయితే బ్యాక్‌వాష్ చేసిన ప్రతిసారీ వందల లీటర్ల నీళ్లు పోతాయి.
* కార్ట్రిడ్జ్ ఫిల్టర్: బ్యాక్‌వాష్ ఉండదు. బయటకు తీసి పైపుతో కడిగితే చాలు. వేసవిలో ట్యాంకర్ మీద బతికే ఇళ్లకు, చిన్న పూల్స్‌కు ఇది నయం. కార్ట్రిడ్జ్‌ను మాత్రం రెండు మూడేళ్లకోసారి మార్చాలి.
* డీఈ ఫిల్టర్: నీళ్లు చాలా శుభ్రంగా వస్తాయి. కానీ ఖర్చు, పని రెండూ ఎక్కువ. దాని పొడి పీలిస్తే ప్రమాదం, మాస్క్ తప్పనిసరి. మామూలు ఇంటి పూల్‌కు ఇంత అవసరం ఉండదు.

పంపు పెద్దదైతే మంచిదనుకుంటే పొరపాటే!

చాలామంది చేసే తప్పు ఇదే. ముందుగా లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో సుమారు 38 వేల లీటర్ల నీళ్లు పడతాయి. ఇంటి పూల్‌లో 6 నుంచి 8 గంటల్లో మొత్తం నీళ్ల పరిమాణం ఒకసారి ఫిల్టర్‌లోంచి తిరగాలి. 6 గంటల లెక్కన గంటకు దాదాపు 6,400 లీటర్లు. ఆ మేరకు నీళ్లు తోడే పంపు చాలు. ఫిల్టర్ లేబుల్ మీద ఉండే గరిష్ఠ ఫ్లో మాత్రం పంపు ఫ్లో కంటే ఎక్కువ ఉండాలి.

అంటే ఫిల్టర్ పెద్దది, పంపు తగినంత. దీన్ని తిరగేసి చిన్న ఫిల్టర్‌కు పెద్ద మోటార్ బిగిస్తే నీళ్లు ఇసుకలో దారులు చేసుకుని దూసుకుపోతాయి. మురికి మళ్లీ పూల్‌లోకే వస్తుంది. కరెంట్ బిల్లు అదనం.

దీనికి మించిన ప్రమాదం ఇంకొకటుంది. పంపు పెద్దదైన కొద్దీ పూల్ అడుగున డ్రెయిన్ దగ్గర లాగే శక్తి పెరుగుతుంది. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల చిన్నారి హాట్ టబ్ డ్రెయిన్‌కు అతుక్కుపోయి ప్రాణాలు కోల్పోయింది. 2007లో అక్కడ ఆమె పేరుతోనే పూల్ భద్రతా చట్టం తెచ్చారు. కాబట్టి డ్రెయిన్ కవర్ పగిలినా, ఊడినా ఆ పూల్‌లోకి ఎవరినీ దించొద్దు. కొత్తగా కట్టించుకునేవాళ్లు ఒకే డ్రెయిన్‌తో సరిపెట్టకుండా, దూరం దూరంగా రెండు పెట్టించుకోవాలి.

ప్రెజర్ గేజ్ మీద కన్నేయండి

ఫిల్టర్ మీద గడియారంలా ఉండే గేజ్ ఊరికే పెట్టింది కాదు. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు అది ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోండి. దాని మీద 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ టైమ్ వచ్చినట్టే. అలాగని రోజూ చేయొద్దు. కాస్త మురికి పట్టిన ఇసుకే సన్నటి కణాలను బాగా ఆపుతుంది. రోజూ చేస్తే నీళ్లూ వృథా, పనీ తేడా.

బ్యాక్‌వాష్ ఇలా చేయాలి:

* ముందు పంపు ఆపండి. పంపు నడుస్తుండగా వాల్వ్ హ్యాండిల్ తిప్పితే లోపలి గ్యాస్కెట్ పాడవుతుంది.
* వాల్వ్‌ను బ్యాక్‌వాష్‌కు తిప్పి పంపు ఆన్ చేయండి. అద్దంలో నీళ్లు తేటగా కనిపించేదాకా, అంటే సుమారు 2 నుంచి 3 నిమిషాలు నడపండి.
* పంపు ఆపి, రిన్స్‌కు తిప్పి అర నిమిషం నుంచి నిమిషం నడపండి.
* మళ్లీ పంపు ఆపి, వాల్వ్‌ను ఫిల్టర్‌కు తిప్పాక ఆన్ చేయండి.

ఇసుక మార్చేటప్పుడు ఇంటి నిర్మాణానికి వాడే ఇసుక పోయించొద్దు. పూల్ ఫిల్టర్ల కోసం జల్లెడ పట్టిన సిలికా ఇసుకే వాడాలి.

బోరు నీళ్లతో జాగ్రత్త

మన దగ్గర చాలా పూల్స్ నింపేది బోరు నీళ్లతోనే. అవి గట్టి నీళ్లయితే టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది, ఫిల్టర్ ఇసుక కూడా గడ్డకట్టే అవకాశం ఉంది. ఇనుము ఎక్కువగా ఉంటే క్లోరిన్ వేయగానే నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. నింపే ముందే నీటి పరీక్ష చేయించుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి.

క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండేలా చూసుకోవాలి. ఎండకు క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం పూట వేయడం మంచిది. ఎప్పుడైనా కెమికల్‌నే నీళ్లలో కలపాలి తప్ప, కెమికల్ మీద నీళ్లు పోయకూడదు. క్లోరిన్‌ను, యాసిడ్‌ను ఒకేచోట కలిపితే విషవాయువు వస్తుంది.

కేరళలో 2024, 2025లో మెదడు తినే అమీబా కేసులు అందరినీ భయపెట్టిన సంగతి తెలిసిందే. వెచ్చటి మంచినీళ్లలో పెరిగే ఈ అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది. క్లోరిన్ సరిగా లేని పూల్స్‌లోనూ ఇది ఉండొచ్చు. సరైన మోతాదులో క్లోరిన్ ఉంచడమే దీనికి అడ్డుకట్ట. క్రిప్టో మాత్రం మొండిది. సరైన క్లోరిన్‌లోనూ వారానికి పైగా బతకగలదు. అందుకే విరేచనాలు అవుతున్నవాళ్లు పూల్‌కు దూరంగా ఉండాలి.

అద్దె పూల్‌లో దిగే ముందు..

* గట్టు మీద నిలబడి చూస్తే లోతు వైపు అడుగున డ్రెయిన్ కవర్ స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే దిగొద్దు.
* ఘాటైన వాసన వస్తే క్లోరిన్ బాగా వేశారని మురిసిపోవద్దు. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిస్తేనే ఆ వాసన, కళ్ల మంట.
* గోడలు చేతికి జారుతున్నాయంటే నాచు మొదలైనట్టే.
* పంపు నడుస్తోందా, ఈ రోజు క్లోరిన్ టెస్ట్ చేశారా అని మొహమాటపడకుండా అడగండి. టెస్ట్ స్ట్రిప్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒక డబ్బా వెంట పెట్టుకున్నా తప్పులేదు.

ఇంట్లో పిల్లల కోసం గాలి నింపే చిన్న టబ్ వాడుతున్నారా? దానికి ఫిల్టర్ ఉండదు కాబట్టి ఆట అయిపోగానే నీళ్లు పారబోసి, కడిగి ఆరబెట్టండి. నిన్నటి నీళ్లే కదా, తేటగానే ఉన్నాయి కదా అని పిల్లల్ని మళ్లీ అందులో దించొద్దు. ఇక టబ్ అయినా పూల్ అయినా పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.