రసాయన బంధం: పరమాణువుల జమాఖర్చు

మనం రోజూ తినే ఉప్పులో ఉన్నవి రెండే మూలకాలు. ఒకటి సోడియం, నీరు తగిలితే చాలు, తీవ్రంగా చర్య జరిపే మెత్తని లోహం. రెండవది క్లోరిన్, పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే విషవాయువు. ఇవి రెండూ కలిసి, కూరలో వేసుకొనే స్థిరమైన పదార్థంగా ఎట్లా మారినవి?

తరగతిలో సాధారణంగా చెప్పే సమాధానం ఇది. సోడియం పరమాణువు వెలుపలి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్, క్లోరిన్‌కు ఏడు ఎలక్ట్రాన్లు ఉన్నవి. సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకొంటుంది. రెండింటికీ వెలుపలి కక్ష్యలో ఎనిమిదేసి ఎలక్ట్రాన్లు ఏర్పడి, జడవాయువుల వలె స్థిరత్వం కలుగుతుంది. 1916లో జర్మనీలో కోసెల్, అమెరికాలో లూయిస్ వేర్వేరుగా ప్రకటించిన భావాలే దీనికి ఆధారం.

ఈ సమాధానం ఉపయోగకరమే. కాని సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఇష్టపడి వదలుకొంటున్నదనే పొరపాటు విద్యార్థి మనస్సులో మిగిలిపోతుంది. పరమాణువులకు ఇష్టాయిష్టాలు లేవు గదా! శక్తి లెక్క చూద్దాం.

ఒక మోల్ సోడియం, అర మోల్ క్లోరిన్ వాయువు తీసుకొందాం. ఘన సోడియంను విడి పరమాణువులుగా చేయటానికి సుమారు 107 కిలోజౌళ్ల శక్తి ఖర్చవుతుంది. క్లోరిన్ అణువులను విడగొట్టటానికి 122, సోడియం పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను లాగివేయటానికి 496. మొత్తం ఖర్చు 725. క్లోరిన్ పరమాణువులు ఆ ఎలక్ట్రాన్లను గ్రహించినప్పుడు వచ్చే జమ 349 మాత్రమే. రెండింటికీ ఎనిమిది పూర్తి అయినా ఇంకా 376 కిలోజౌళ్ల అప్పు మిగిలే ఉన్నది!

ఈ అప్పు తీర్చేది ఆకర్షణ. ధనావేశం గల సోడియం అయాన్లు, ఋణావేశం గల క్లోరైడ్ అయాన్లు ఒకదానినొకటి ఆకర్షించుకొని స్ఫటికంగా అమరుతాయి. ప్రతి అయాన్‌ను ఆనుకొని వ్యతిరేకావేశం గల అయాన్లు ఆరు చేరతాయి. ఈ అమరికలో 787 కిలోజౌళ్లు వెలువడుతాయి. అప్పు పోగా మిగులు 411. ఉప్పు స్థిరత్వానికి మూలం ఈ మిగులే. ఉప్పును మళ్లీ మూలకాలుగా విడదీయాలంటే ఆ శక్తిని మనం చెల్లించాలి. అందుకే కరిగిన ఉప్పులోనికి విద్యుత్తును పంపి సోడియంను తీస్తారు.

ఎలక్ట్రాన్లను పంచుకొనే బంధాలకూ ఇదే సూత్రం. రెండు హైడ్రోజన్ పరమాణువులు దగ్గరకు వచ్చినప్పుడు ప్రతి ఎలక్ట్రాన్‌నూ రెండు కేంద్రకాలు ఆకర్షిస్తాయి, శక్తి తగ్గుతుంది. మరీ దగ్గరయితే కేంద్రకాల వికర్షణ వల్ల శక్తి తిరిగి పెరుగుతుంది. కేంద్రకాల మధ్య దూరం 74 పికోమీటర్లు ఉన్నప్పుడు శక్తి కనిష్ఠం. ఈ బంధం ఏర్పడేటప్పుడు మోల్‌కు 436 కిలోజౌళ్లు వెలువడుతాయి. తెంచటానికీ అంతే కావాలి. ఇక్కడ ఉన్న ఎలక్ట్రాన్లు ఎనిమిది కాదు, రెండే!

ఎనిమిది నిండిన జీనాన్ దేనితోనూ కలవదని చాలాకాలం నమ్మారు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుండే ఎలక్ట్రాన్‌ను లాగగలదని కెనడాలో పనిచేస్తున్న నీల్ బార్ట్‌లెట్ గుర్తించాడు. జీనాన్ నుండి ఎలక్ట్రాన్‌ను లాగటానికి కావలసిన శక్తి కూడ ఇంచుమించు అంతే. 1962లో ఆయన రెండింటినీ కలుపగా పసుపు రంగు ఘనపదార్థం ఏర్పడింది. లెక్క కుదిరితే జడవాయువు కూడ బంధంలో చేరుతుందని తేలింది.

కాబట్టి అష్టక నియమం మంచి గుర్తు. కారణం మాత్రం కాదు. "ఎనిమిది అయినవా?" అని అడిగే ఉపాధ్యాయుడు, "శక్తి ఎంత తగ్గింది?" అని కూడ అడిగితే, రసాయన బంధం విద్యార్థికి కంఠస్థం చేయవలసిన సూత్రంగా గాక, లెక్క కట్టి చూడదగిన సత్యంగా కనిపిస్తుంది.