వైరస్‌లకు అడ్డుకట్ట.. పేగుల్లోని జిగురు పొర
తల్లిపాలు, చుక్కల టీకాతో పసిపిల్లలకు రక్షణ

చిలమత్తూరు: పిల్లల విరేచనంలో జిగట కనిపిస్తే తల్లిదండ్రులు కలవరపడటం సహజం. అందుకే జిగురు అంటేనే రోగమన్న భావన పల్లెల్లో స్థిరపడింది. నిజానికి ఆరోగ్యవంతుల పేగుల్లోనూ లోపలి గోడ పొడవునా ఒక జిగురు పొర నిరంతరం ఊరుతూనే ఉంటుంది. నీటితో, ఆహారంతో కడుపులోకి చేరే వైరస్‌లను నిలువరించే సహజ రక్షణల్లో ఇది ముఖ్యమైనది. నీటి కొరత వెన్నాడే ప్రాంతాల్లో దీని విలువ మరింత ఎక్కువ.

కర్ణాటక సరిహద్దున ఉన్న చిలమత్తూరు మండలం 2022లో శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడేవరకు అనంతపురం జిల్లాలో భాగం. ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. బోర్లు ఎండితే తాగునీటికే కటకట తప్పదు. చేతులు కడుక్కునేందుకు నీరు చాలని చోట విరేచనాలు కలిగించే వైరస్‌లు ఒకరి నుంచి మరొకరికి సులువుగా సోకుతాయి.

పొర ఏర్పడేదిలా..

పేగు గోడలో పానపాత్ర ఆకారంలో ఉండే గాబ్లెట్ కణాలు మ్యూసిన్ అనే మాంసకృత్తును స్రవిస్తాయి. ఈ పొడవాటి అణువుల నిండా చక్కెర గొలుసులు ఉంటాయి. అవి నీటిని పీల్చుకుని ఉబ్బడంతో జిగురు తయారవుతుంది. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. చిన్న పేగులో ఈ పొర వదులుగా, ఒకే వరుసగా ఉంటుంది. పెద్ద పేగులో రెండు వరుసలుంటాయి. వెలుపలి వరుసలో బ్యాక్టీరియా నివసిస్తుందని, గోడను అంటిపెట్టుకున్న లోపలి వరుసలోకి అది చొరబడలేదని 2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో నిరూపించారు.

వైరస్‌కు వల

చేను చుట్టూ వేసిన కంప పశువును ఆపుతుంది గానీ చీమను ఆపలేదు. వైరస్‌లు బ్యాక్టీరియా కన్నా ఎంతో సూక్ష్మమైనవి. కాబట్టి జిగురు వాటిని ఆపేది కంచెలా కాదు, వలలా. రోటా వంటి వైరస్ పేగు కణంలోకి ప్రవేశించాలంటే ముందుగా ఆ కణంపై ఉన్న ప్రత్యేక చక్కెరలను పట్టుకోవాలి. ఆ తరహా చక్కెరలే మ్యూసిన్‌పైనా ఉంటాయి. కణమని భ్రమించి జిగురును పట్టుకున్న వైరస్ అక్కడే చిక్కుకుని, పేగు కదలికలతో మలం ద్వారా బయటకు పోతుంది. పేగుల మ్యూసిన్ రోటా వైరస్‌ను అడ్డుకోగలదని ప్రయోగశాల పరీక్షల్లో వెల్లడైంది. శరీరం తయారుచేసే ఐజీఏ అనే ప్రతిరక్షకాలు కూడా ఈ జిగురులోకి చేరి వైరస్‌లను బంధిస్తాయి.

అయితే ఈ రక్షణ అభేద్యమేమీ కాదు. రోగనిరోధక శక్తి పూర్తిగా ఏర్పడని పసిపిల్లల్లో వైరస్ పొరను దాటి చిన్న పేగు కణాలను దెబ్బతీస్తుంది. నీటిని, లవణాలను పీల్చుకునే శక్తి తగ్గి బిడ్డకు నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. 1973లో ఆస్ట్రేలియాలో గుర్తించిన రోటా వైరస్, టీకా రాకముందు మన దేశంలో ఏటా దాదాపు 78 వేల మంది అయిదేళ్లలోపు పిల్లలను బలిగొనేదని అంచనా.

హైదరాబాద్ టీకా

ఈ వైరస్‌కు విరుగుడుగా రోటావ్యాక్ టీకా హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థలో తయారైంది. 1980వ దశకంలో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి సేకరించిన బలహీనమైన వైరస్ రకమే దీనికి మూలం. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై దీనిని పరీక్షించారు. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో రోటా టీకాను తొలి విడతగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో దీనిని నోటి ద్వారా ఉచితంగా ఇస్తారు.

నోటి ద్వారా ఇవ్వడంలోనే కీలకం ఉంది. టీకాలోని బలహీన వైరస్ కూడా జిగురు పొరను దాటి పేగు గోడను చేరుతుంది. దానిని ఎదుర్కొనే క్రమంలో శరీరం ప్రతిరక్షకాలను సిద్ధం చేసి జిగురులోకి పంపుతుంది. తర్వాత అసలు వైరస్ వచ్చినప్పుడు పొర మరింత బలంగా ఉంటుంది. పరీక్షల్లో రోటావ్యాక్ తొలి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను 56 శాతం మేర తగ్గించింది. సంపన్న దేశాల్లో రోటా టీకాల ఫలితం ఇంతకన్నా ఎక్కువ. పోషకాహార లోపం, పదేపదే సోకే పేగు వ్యాధులు ఈ తేడాకు కొంత కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అందువల్ల టీకాతో పాటు శుభ్రమైన నీరు, ఆహారమూ అవసరమే.

పొరను కాపాడుకోవాలంటే..

తల్లిపాలలో ఐజీఏ ప్రతిరక్షకాలే కాక వైరస్‌లకు వలగా పనిచేసే చక్కెరలు, మాంసకృత్తులూ ఉంటాయి. అందుకే తొలి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలి. ఆ తర్వాత తల్లిపాలు కొనసాగిస్తూనే మెత్తని అనుబంధ ఆహారం అలవాటు చేయాలి.

పెద్దల ఆహారంలో పీచుకూ పాత్ర ఉంది. పీచు దొరకనప్పుడు పెద్ద పేగులోని బ్యాక్టీరియా జిగురునే తిని పొరను పలుచన చేస్తుందని 2016లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో తేలింది. సీమ ఇళ్లలో వాడుకలో ఉన్న రాగి సంగటి, ఉలవలు, అలసందలు, ఆకుకూరల్లో పీచు పుష్కలం. అంతమాత్రాన సంగటి తింటే వైరస్ సోకదనుకోవడం పొరపాటే. చేతుల శుభ్రతకు ప్రత్యామ్నాయం లేదు.

వైరస్ వల్ల వచ్చే విరేచనాలకు యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. పైగా పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి. వైద్యుని సలహా లేకుండా వాటిని కొని వాడరాదు.

విరేచనాలు మొదలైతే..

కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం పూర్తిగా కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. 24 గంటలు దాటితే మిగిలిన ద్రావణాన్ని పారబోయాలి. ఆరోగ్య సిబ్బంది సూచన మేరకు జింక్ మాత్రలు 14 రోజులు వాడాలి. విరేచనాలు అవుతున్నాయని తల్లిపాలు, ఆహారం మాన్పించడం బిడ్డకు కీడు చేస్తుంది. కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ తాగలేకపోయినా, విరేచనంలో జిగటతో పాటు రక్తం కనిపించినా జాప్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.