తర్జుమాకు తోబుట్టువు డ్రాగోమన్

ఇస్తాంబుల్, కైరో, జెరూసలేం ప్రయాణాల గురించి రాసిన పాత ఇంగ్లిషు పుస్తకాల్లో ‘డ్రాగోమన్’ అనే మాట తరచూ తగులుతుంది. డ్రాగన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. చివరనున్న ‘మన్’ కూడా ఇంగ్లిషు ‘మ్యాన్’ కాదు. డ్రాగోమన్ అంటే దుబాసీ.

మూలం అరబ్బీ ‘తర్జుమాన్’. మన ‘తర్జుమా’ కూడా ఆ ఇంటి పిల్లే. ఫార్సీ, ఉర్దూల మీదుగా ఇటు మనకు చేరింది. గ్రీకుల, ఇటాలియన్ల నోళ్లలో నలిగి అటు డ్రాగోమన్ అయింది. అరబ్బీకి ఎంతో ముందే, సుమారు 4,000 ఏళ్ల నాటి, ప్రాచీన మెసొపొటేమియా భాష అక్కాదీలో రాసిన మట్టిపలకల మీద ‘తర్గుమన్ను’ కనిపిస్తుంది. యూదులు తమ హీబ్రూ గ్రంథాలకు అరమాయిక్‌లో చేసుకున్న అనువాదాల పేరు ‘తార్గుమ్’ కూడా ఈ కుటుంబానిదే.

ఆటోమన్ సుల్తానుల కాలంలో ఈ మాటకు పెద్ద హోదా దక్కింది. కొలువులో యూరప్ భాషలు వచ్చినవాళ్లు అరుదు కావడంతో 17వ శతాబ్దిలో ప్రధాన డ్రాగోమన్ పదవి ఇస్తాంబుల్ ఫనార్ పేటలోని గ్రీకు కుటుంబాలకు దక్కింది. వారిలో అలెగ్జాండర్ మావ్రోకొర్దాతో ఇటలీలో వైద్యం చదివినవాడు. యూరప్ రాజ్యాలతో జరిగిన 1699 నాటి కార్లోవిట్స్ సంధి చర్చల్లో సుల్తాను తరఫున కూర్చున్నాడు. ఇతరుల మాటలు మోసే పనిలో మొదలైన మనిషి రాజ్యాల సరిహద్దులు మాట్లాడే స్థాయికి ఎదిగాడు!

ఆ కుర్చీ ప్రమాదకరమైనది కూడా. రెండు పక్షాల మాటా తెలిసినవాణ్ని రెండు పక్షాలూ అనుమానిస్తాయి. సుల్తాను ప్రజలైన దుబాసీలను పూర్తిగా నమ్మలేక వెనిస్ 1551లోనే తన కుర్రాళ్లను ఇస్తాంబుల్‌కు పంపి తుర్కీ నేర్పించడం మొదలుపెట్టింది. 1821లో గ్రీకులు సుల్తాను మీద తిరగబడగానే అప్పటి ప్రధాన డ్రాగోమన్ కాన్‌స్టంటైన్ మొరూజీ తల తెగింది. తర్వాత సర్కారే అనువాద కార్యాలయం పెట్టుకుని ముస్లిం యువకులకు ఫ్రెంచి నేర్పించింది. కొలువు బయట కూడా ఈ మాట నడిచింది: 19వ శతాబ్దిలో ఈజిప్టు, పాలస్తీనాల్లో యాత్రికుల వెంట నడిచి గుడారాలు, గుర్రాలు కుదిర్చే గైడునూ డ్రాగోమన్ అనేవారు.

మన దుబాసీ వంశం వేరు. అది ‘ద్విభాషి’ నుంచి వచ్చింది. కానీ చేసిన పని ఒకటే. 1830–31లో కాశీయాత్ర చేసి, ఆ చరిత్రను తెలుగులో రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారి ఉద్యోగమూ అదే: మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ.