బంతి అదే.. రంధ్రాలు మారితే దారి మారుతుంది!

‘మూమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటే ఏంటి?’ మెకానికల్ ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న. నిర్వచనం చాలామంది గడగడా చెప్పేస్తారు. ‘ఓ ఉదాహరణ ఇవ్వండి’ అనగానే ఫ్లైవీల్ దగ్గరే ఆగిపోతారు. మీకంటే ముందు వెళ్లినవాళ్లూ అదే చెప్పి ఉంటారు! మాణికేశ్వర్ నగర్ గదుల్లో ఉంటూ, ఓయూ క్యాంపస్‌లో చదువుకుంటూ కోర్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మిత్రులకు ఓ కొత్త ఉదాహరణ.. బౌలింగ్ బాల్.

రంధ్రం ఎక్కడ?

పోటీల్లో వాడే బంతి బయటికి గుండ్రంగానే ఉంటుంది. లోపల మాత్రం బల్బులాంటి బరువైన ‘కోర్’ ఉంటుంది. అందుకే అన్ని అక్షాల చుట్టూ జడత్వం ఒకేలా ఉండదు. కోర్ పైభాగం ఎటు ఉందో ‘పిన్’ అనే చుక్క చెబుతుంది. ఆటగాడు వదిలినప్పుడు బంతి తిరిగే అక్షానికి, ఈ పిన్‌కు మధ్య దూరం ఎంతుండాలో చూసుకుని వేళ్ల రంధ్రాలు వేస్తారు. అదే లేఅవుట్.

పిన్ సరిగ్గా అక్షం మీదే ఉన్నా, 6.75 అంగుళాల దూరంలో (చుట్టుకొలతలో దాదాపు పావు వంతు) ఉన్నా బంతి నిలకడగా తిరుగుతుంది. ఆ రెండింటికీ మధ్యలో, సుమారు 3.4 అంగుళాల దగ్గర ఉంటే అక్షం బాగా కదులుతుంది. దాంతో ప్రతి చుట్టుకూ నూనె అంటని కొత్త భాగం లేన్‌ను తాకుతుంది. పట్టు పెరిగి, బంతి ఎక్కువ వంపు తిరుగుతుంది.

గరుకా? నునుపా?

ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను వరకు లేన్ 60 అడుగులు. ముందు భాగంలో నూనె పూస్తారు, చివర పొడిగా ఉంటుంది. 500 గ్రిట్‌తో గరుకుగా రుద్దిన బంతి నూనెలోనూ పట్టు దొరకబుచ్చుకుని ముందే తిరుగుతుంది. కానీ పిన్నులను చేరేలోపే కొంత శక్తి పోతుంది. 4000 గ్రిట్‌తో నునుపు చేస్తే దూరం జారి, పొడి భాగంలో ఒక్కసారిగా మలుపు తీసుకుంటుంది. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లితే స్ట్రైకర్ ఎలా జారుతుందో గుర్తుందిగా? అదే ఘర్షణ సూత్రం!

నిబంధనలూ ఇంజినీరింగే

పట్టుకోవడానికి కాకుండా, బరువు సర్దుబాటు కోసం వేసే అదనపు రంధ్రాన్ని అమెరికా బౌలింగ్ సంస్థ యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. ఆట మధ్యలో ఉపరితలాన్ని రాపిడి కాగితంతో రుద్దడానికీ వీల్లేదు. 2018 కేప్‌టౌన్ టెస్టులో శాండ్‌పేపర్ వివాదం మనకు తెలిసిందే. ఉపరితలం ఎంత కీలకమో చెప్పడానికి అదొక్కటి చాలు.

ఇంటర్వ్యూలో ఇలా..

సమాధానాన్ని మూడు ముక్కల్లో చెప్పండి. ఏం మార్చాం? దానివల్ల ఏం మారింది? బదులుగా ఏం కోల్పోయాం? ఈ మూడోదే ఇంజినీర్‌ని పట్టిస్తుంది. ‘గరుకు చేస్తే పట్టు వస్తుంది, కానీ శక్తి తగ్గుతుంది’ అనగలిగితే తర్వాతి ప్రశ్న మీకు తెలిసిన దారిలోనే వస్తుంది. ఈ వారం మీ గదిలోని సీలింగ్ ఫ్యాన్‌నో, సైకిల్ బ్రేకునో తీసుకుని ఇలాగే విడదీసి, మీ రూమ్‌మేట్‌కి వివరించి చూడండి. అతడికి అర్థమైతే, ఇంటర్వ్యూ బోర్డుకూ అర్థమైనట్టే!