నన్నూ మనిషిగా చూడండి!

గౌరవమంటే ఏమిటని ఊరిలో పదిమందిని అడిగి చూడండి, పది జవాబులు వస్తాయి. పాలేరుకు గౌరవమంటే "ఒరే" అనకుండా పేరు పెట్టి పిలవడం. కూలికి వెళ్ళే తల్లికి, పదిసార్లు తిరగకుండా తన కష్టం డబ్బు తన చేతికి రావడం. మంచం పట్టిన తాతయ్యకు, మనుమడు ప్రక్కన కూర్చొని నాలుగు మాటలు మాట్లాడడం. రూపాలు వేరు గాని అందరి కోరిక ఒక్కటే: నన్నూ మనిషిగా చూడండి!

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం, తన పీఠికలోనే వ్యక్తి గౌరవాన్ని పేర్కొన్నది. 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా ఆ తరువాత ఎన్నో ఏండ్లు అనేక పల్లెల టీ కొట్లలో రెండు రకాల గ్లాసులు ఉండేవి. మన పెద్దలలో చాలామంది టీ త్రాగి, తమ గ్లాసు తామే కడిగిపెట్టి వచ్చినవారే. వారికి గౌరవమంటే అందరూ త్రాగే గ్లాసే తమకూ ఇవ్వడం.

కుష్ఠువ్యాధి నేడు మందులతో పూర్తిగా నయమవుతుంది. అయినా ఆ జబ్బును విడాకులకు కారణంగా చూపే వీలు మన వివాహ చట్టాలలో 2019 వరకు ఉండేది. ఆ ఏడు పార్లమెంటు దానిని తీసివేసింది. కాని చట్టం మారినంత త్వరగా మనసులు మారవు. జబ్బు పోయినా, వంకరపోయిన వ్రేళ్ళను చూసి తప్పుకొని పోయేవారున్నారు. మాటతోనే బాగుచేయగల మన ప్రభువు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టాడు. ఆ మనిషి ఎంతకాలంగా ఆ స్పర్శకు నోచుకోలేదో ఆయనకు తెలుసు.

చేతులతో మలం ఎత్తించే పనిని 1993లో ఒక చట్టం నిషేధించింది. పని మానినవారికి వేరే బ్రతుకుతెరువు చూపాలని 2013లో మరో చట్టం వచ్చింది. బువ్వ లేకుండా గౌరవం నిలవదు గదా! కోలారు బంగారు గనుల ప్రాంతంలో, పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని పోవాలని దశాబ్దాలుగా పోరాడుతున్నారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు లభించింది.

ప్రియ చదువరీ, ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. ఒకప్పుడు మనలను దూరం పెట్టారని నేటికీ బాధపడతాం. మరి మన వీధి ఊడ్చే అమ్మ మంచినీళ్ళడిగితే ఏ గ్లాసు తీస్తున్నాం? మనకన్నా చిన్న కులమని మనం అనుకొనేవారు గుడికి వస్తే, చాప మీద ప్రక్కకు జరిగి చోటిస్తున్నామా? ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరం ఒక్కటే అంటున్నాం. సోమవారం మన గడప దగ్గర ఆ మాట నిలుస్తున్నదా?

దేవుడు తన స్వరూపంలో చేసిన మనిషికి గౌరవం మనం పెట్టే భిక్ష కాదు. అది ఆయన ఇదివరకే ఇచ్చినది. దానిని లాగుకొనకుండా ఉండడమే మన పని. ఈ వారం ఒక్కరినైనా పేరు పెట్టి, "గారు" చేర్చి పిలవండి. వారి ముఖం చూడండి. జవాబు అక్కడే కనిపిస్తుంది.